ఆ నాలుగు జీబీల కోసం

(ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ గారికి విజయనగరం నుంచి బహిరంగ లేఖ)

హువాంగ్ గారూ,

మాది విజయనగరం. గంటస్తంభం దగ్గరి సందులో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ షాపు నడుపుతున్నాను. కంప్యూటర్లు అసెంబుల్ చేస్తాను, రిపేర్లు చూస్తాను, పిల్లలకి పెన్‌డ్రైవులూ పెద్దవాళ్లకి ప్రింటర్ ఇంకూ అమ్ముతాను. మీ చిప్పులున్న కార్డులు నా చేతుల మీదుగా కొన్ని వందలు వెళ్లుంటాయి. మీ తర్వాతి మధ్యరకం కార్డు, అదే పేరు చివర 60 ఉండేది, ఎప్పుడొస్తుందని రోజుకి ఒక్కరైనా గుమ్మం దగ్గర నిలబడి అడుగుతున్నారు. వాళ్ల తరఫున రాస్తున్నాను. అడిగేది ఒకటే. ఆ కార్డులో 12 జీబీ మెమరీ పెట్టండి. మళ్లీ ఎనిమిది పెట్టకండి.

ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే ఒక కుర్రాడి సంగతి చెప్పాలి.

నెల్లిమర్ల అవతల వాళ్లూరు. పాలిటెక్నిక్ చదివి, ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. తండ్రి ఒకప్పుడు జూట్ మిల్లులో పనిచేసేవాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకి సెంట్రింగ్ పని. ఆ కుర్రాడి దగ్గరున్నది ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్. దానిలో సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1050 టీఐ కార్డు నేనే బిగించాను. 75 వాట్లకి మించదు, స్లాటు నుంచి వచ్చే కరెంటే దానికి చాలు, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) మార్చకుండా గేమ్స్ ఆడాలంటే మా దగ్గర చాలాకాలం అదే దారి. మెమరీ 4 జీబీ.

వాడూ ఇద్దరు స్నేహితులూ కలిసి ఒక గేమ్ చేస్తున్నారు. మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అందులో ఒక ఘట్టం. మీకు తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, అమ్మవారి పూజారిని ఒక పొడవాటి మాను చివర కూర్చోబెట్టి, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ రోజు మా ఊళ్లో కాలు పెట్టడానికి చోటుండదు. మేడల మీద జనం, గోడల మీద జనం. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి ముందురోజు రాత్రే వచ్చి రోడ్ల పక్కన పడుకుంటారు.

ఆ కుర్రాడు సిరిమాను మోడల్ బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసుకొచ్చి నాకు చూపించాడు. మానుకి కట్టిన తాళ్లు, ముందు నడిచే పాలధార వాళ్ల బల్లేలు, కోట బురుజు, అన్నీ కుదిరాయి. కానీ వీధి ఖాళీ. ఇదేంటిరా, జనం ఏరీ అన్నాను. మెమరీ చాలట్లేదంకుల్, తీసేశాను అన్నాడు. ముందు వెనక వరసల వాళ్లని తీశాడట. తర్వాత బొమ్మల కొట్లు, జీళ్ల కొట్లు. ఆ తర్వాత కోట గోడ రాళ్ల టెక్స్చర్లు సగం నాణ్యతకి దించాడు. అయినా రెండర్ మొదలుపెట్టగానే మెమరీ చాలలేదని ఎర్ర అక్షరాలు. ఒకే మనిషిని వెయ్యి చోట్ల పెట్టొచ్చు కదా, దానికి మెమరీ పెద్దగా పట్టదు కదా అన్నాను. నాకు ఆపాటి తెలుసు. దానికి వాడు, "అలా చేసి చూశానంకుల్. జాతరకొచ్చిన వాళ్లందరూ ఒకే చొక్కా తొడుక్కోరు కదా," అన్నాడు.

ఈ సంక్రాంతికి తండ్రి ఊరొచ్చాడు. కనుమ మర్నాడు ఇద్దరూ కలిసి షాపుకొచ్చారు. కొత్త ఎస్‌ఎంపీఎస్, కొత్త కార్డు వేయించుకోవాలని. డబ్బు తండ్రి చొక్కా లోపలి జేబులో ఉంది. ఆర్‌టీఎక్స్ 5060 పెట్టె తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటి బాబూ, ఇంతోటి పెట్టెకి ముప్పై రెండు వేలేటి?" అన్నాడు. తర్వాత, "నువ్వు చెప్పు. కొనమంటే కొంటాం, ఆగమంటే ఆగుతాం," అన్నాడు.

నేను ఆగమన్నాను. అమ్ముడయ్యే సరుకుని చేతిలో పెట్టుకుని ఆగమనడం నా వ్యాపారానికి మంచిది కాదు. కానీ ఆ కార్డులోనూ ఎనిమిదే ఉంది. ఆ తండ్రి మళ్లీ ఇంత డబ్బు జేబులో పెట్టుకుని రావడానికి అయిదారేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఎనిమిదితో నడవదని నా మనసుకి గట్టిగా అనిపించింది.

ధర గురించి మిమ్మల్ని నిందించబోవడం లేదు. 2016 జూలైలో మీరు జీటీఎక్స్ 1060 ని 249 డాలర్లకి తెచ్చారు. అప్పుడు డాలరు 67 రూపాయలు. అంటే 16,700 దాకా. 2025 మే నెలలో 5060 ని 299 డాలర్లకి తెచ్చారు. తొమ్మిదేళ్లలో మీరు పెంచింది 50 డాలర్లు. కానీ 2025 డిసెంబర్‌లో డాలరు 90 దాటింది. ఆ లెక్కన 299 డాలర్లంటే 26,900, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 31,700. ఇందులో డిస్ట్రిబ్యూటర్ లాభం లేదు, హైదరాబాద్ నుంచి వచ్చే పార్సిల్ ఖర్చు లేదు, నాది అసలే లేదు. మీరు ఒక్క డాలరు కూడా పెంచకుండా 249 దగ్గరే ఉంచినా పన్ను కాకుండానే 22,400 అయ్యేది. రూపాయి పడిపోవడం మీ చేతిలో లేదు. మా పన్ను గురించి అడగాల్సింది ఢిల్లీని. మెమరీ ఎంత పెట్టాలన్నది మాత్రం మీరే తేల్చాలి. అందుకే మీకు రాస్తున్నాను.

మీరు పదిహేనేళ్ల వయసులో డెన్నీస్ హోటల్లో అంట్లు తోమారనీ, తర్వాత 1993లో మరో ఇద్దరితో కలిసి అలాంటి హోటల్లోనే కూర్చుని ఎన్‌విడియాకి రూపం ఇచ్చారనీ చదివాను. కాబట్టి వంటింటి సంగతి మీకు బాగా తెలుసు. వంటవాడి చెయ్యి ఎంత చురుకైనదైనా గట్టు మీద చోటు లేకపోతే ఏం చేస్తాడు? ప్రతి గిన్నెకీ బయటి గదికి పరుగెత్తాలి. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ అంటే ఆ గట్టు. అది నిండితే కావాల్సినవి మదర్‌బోర్డు మీది ర్యామ్ నుంచి స్లాటు గుండా రావాలి. అప్పుడు గేమ్ మెత్తగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కుదుపు. మళ్లీ కాసేపు బాగుంటుంది, మళ్లీ కుదుపు.

ఇక్కడ మా ప్రాంతానికి ఇంకో దెబ్బ ఉంది. మీ 4060 గానీ 5060 గానీ స్లాటులో ఎనిమిది లేన్లే వాడుకుంటాయి. కొత్త బోర్డు మీద ఆ ఎనిమిదీ చాలు. కానీ మా దగ్గర మధ్యరకం కార్డు కొనేవాడికి కొత్త బోర్డు ఉండదు. పదో తరం లోపు ఇంటెల్ బోర్డో, బీ450 బోర్డో ఉంటుంది. అవి పీసీఐ మూడో తరానివి. 5060 కి మీరిచ్చిన అయిదో తరం దారిలో నాలుగో వంతు వేగం. కార్డులో మెమరీ నిండనంత వరకూ ఆ తేడా పెద్దగా కనిపించదు. నిండిందా, వంటవాడి పరుగు ఇరుకు సందులో పడినట్టే. చవక కార్డు కొనేది పాత బోర్డున్నవాడే, మెమరీ తక్కువ పెట్టేది చవక కార్డులోనే. ఈ రెండూ ఒకే మనిషి నెత్తిన పడుతున్నాయి.

వేగం తక్కువైతే మేం సర్దుకుంటాం. ఆ విద్యలో మా పిల్లలకి మించినవాళ్లు లేరు. నీడలు తగ్గిస్తారు, రిజల్యూషన్ 900 కి దించుతారు, సెకనుకి 30 ఫ్రేములైనా ఆడేస్తారు. వైస్ సిటీ, ఐజీఐ లాంటి గేమ్స్‌ని గ్రాఫిక్స్ కార్డే లేని నెట్ సెంటర్ కంప్యూటర్ల మీద గంటకి పదిహేను రూపాయలిచ్చి ఆడిన తరం మాది. తక్కువ రిజల్యూషన్ బొమ్మని పెంచి, మధ్యలో ఫ్రేములు కల్పించే మీ డీఎల్‌ఎస్‌ఎస్ వచ్చాక ఆ సర్దుబాటు ఇంకా తేలికైంది, అందుకు మీకు కృతజ్ఞతలు. అయితే అది కల్పించే ఫ్రేములకి కూడా మెమరీ కావాలి. పైగా ఇప్పుడు కొన్ని గేమ్స్ గడప దగ్గరే ఆపేస్తున్నాయి. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ నడవాలంటే కనీసం 8 జీబీ కార్డు ఉండాలని దాన్ని చేసినవాళ్లే రాశారు. ఇవాళ 32 వేలు పోసి కొన్న కొత్త కార్డు పెట్టె విప్పిన రోజే కనీసం దగ్గర నిలబడి ఉంది. అయిదేళ్ల తర్వాత ఎక్కడ నిలబడుతుంది?

ఎనిమిది అన్న అంకె కొత్తదీ కాదు. 2016లోనే ఏఎండీ వాళ్లు ఆర్‌ఎక్స్ 480 లో 8 జీబీ పెట్టి 239 డాలర్లకి అమ్మారు. మీరే 2021లో ఆర్‌టీఎక్స్ 3060 లో 12 జీబీ ఇచ్చారు, 329 డాలర్లకి. ఆ కార్డు మా షాపులో ఇప్పటికీ సెకండ్ హ్యాండ్ వస్తే సాయంత్రానికి ఉండదు. 2023లో 4060 వచ్చేసరికి మళ్లీ ఎనిమిదికి దిగారు, 2025లో అక్కడే ఉన్నారు. 5060 టీఐలో 16 జీబీ ఉన్నది తీసుకోవచ్చు కదా అనొచ్చు. 429 డాలర్లంటే పన్నుతో కలిపి మాకు 45 వేలు దాటుతుంది. సెంట్రింగ్ పని చేసే మనిషి జేబులో అంత ఉండదు.

మరి ఇంటెల్ బీ580 ఉంది, 249 డాలర్లకే 12 జీబీతో వచ్చింది. ఏఎండీ 9060 ఎక్స్‌టీ ఉంది, 349 కి 16 జీబీతో వచ్చింది. కేవలం గేమ్స్ ఆడుకునేవాడు వస్తే అవి చూపిస్తాను, మొహమాటం లేదు. కానీ ఈ కుర్రాడి కాలేజీ ల్యాబులో నేర్పేది మీ కార్డుల మీదే నడిచే సీయూడీఏ (CUDA). ఇంట్లో కూడా అదే కావాలి వాడికి. ఒకే కార్డు మీద సాయంత్రం గేమ్, రాత్రి బ్లెండర్, పరీక్షల ముందు ప్రాజెక్టు. మీకు అది మధ్యరకం కార్డు. ఆ ఇంట్లో దాని కంటే ఖరీదైన వస్తువు బండి ఒక్కటే.

మా దగ్గర ఒక కార్డు మూడు నాలుగు ఇళ్లు చూస్తుంది. ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. నేను అమ్మే ప్రతి కార్డు వెనక, లోపలి అంచు మీద, మార్కర్‌తో తేదీ రాస్తాను. 2016 దసరాకి అమ్మిన ఒక 1060 2025లో మళ్లీ నా బల్ల మీదికొచ్చింది. మొదట ఒక రైల్వే ఉద్యోగి కొడుకు కొన్నాడు. వాడికి ఉద్యోగం వచ్చాక రాజాం వెళ్లింది. అక్కడి నుంచి కాశీబుగ్గ. చివరికి కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. ఉప్పుగాలికి బ్రాకెట్ మీద పచ్చటి చిలుము, ఫ్యాన్ రెక్కల మీద వేలి మందం ధూళి. డిస్‌ప్లే రావట్లేదని తెచ్చారు. బ్లోయర్ పెట్టి ధూళి ఊదాను, పాత పేస్ట్ గీకి కొత్తది రాశాను. బంగారు పూత కాంటాక్టుల్ని పిల్లల రబ్బరు పెట్టి ఒక్కో వైపు నెమ్మదిగా రుద్దాను. నల్లటి పొడి రాలింది. స్లాటులో పెట్టి ఆన్ చేస్తే డిస్‌ప్లే వచ్చింది. మార్కర్ అక్షరాలు ఇంకా ఉన్నాయి. తొమ్మిదేళ్లు బతికింది ఆ కార్డు. దాని 6 జీబీ ఆ రోజుల్లో ఎక్కువ అనిపించేది, అందుకే బతికింది. 2025 అక్టోబర్‌తో మీరు 1060 కీ 1050 టీఐకీ కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేశారు. అన్నేళ్లు ఇచ్చారు, తప్పు పట్టను. కానీ ఆ రెండు కార్డుల వాళ్లు మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో, అందరూ ఇప్పుడు ఒకేసారి మీ తర్వాతి కార్డు వైపు చూస్తున్నారు.

సెకండ్ హ్యాండే కొనుక్కోండి అనేవాళ్లకి కూడా ఒక మాట. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక వాడేసిన కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చాయి. పెద్ద నగరంలో ఒక వ్యాపారి దగ్గర నేనూ పది తెచ్చాను. పైకి కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నాలుగు నెలల్లో మూడు పోయాయి. విప్పి చూస్తే మెమరీ చిప్పుల చుట్టూ బోర్డు పసుపెక్కి ఉంది, థర్మల్ ప్యాడ్ల నుంచి నూనె కారి ఉంది. పోయినవి మెమరీ చిప్పులే. ముగ్గురికీ డబ్బు వెనక్కిచ్చాను. అందులో ఒకతను ఆ కార్డు కోసం వాళ్లమ్మ గాజు కుదువ పెట్టాడని ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కార్డు నేను అమ్మను.

ఇక సాధ్యమా అన్న ప్రశ్న. 5060 లో మెమరీకి 128 బిట్ల దారి ఉంది. దానికి నాలుగు చిప్పులు పడతాయి. ఒక్కోటి 2 జీబీ కాబట్టి మొత్తం 8. జీడీడీఆర్ 7 లో 3 జీబీ చిప్పులు కూడా ఉన్నాయి. మీ 5090 లాప్‌టాప్ చిప్పుకి 24 జీబీ కుదిరింది వాటితోనే, వర్క్‌స్టేషన్ల కోసం చేసిన 96 జీబీ కార్డులోనూ అవే వాడారు. ఆ నాలుగు చిప్పుల చోట అవి నాలుగు పెడితే 12 అవుతుంది. దారి వెడల్పు చేయక్కర్లేదు, చిప్పుల సంఖ్య పెంచక్కర్లేదు.

ఖరీదు ఎక్కువంటారు. అది నిజమే, దాచను. ర్యామ్ రేటు 2025 చివర్లో ఎలా ఎగిరిందో నా బిల్లు పుస్తకమే చెబుతుంది. పొద్దున చెప్పిన రేటుకి సాయంత్రం ఇవ్వలేని రోజులు చూశాను. ప్రపంచానికి మెమరీ చేసిపెట్టే పెద్ద కంపెనీలు మూడు, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మైక్రాన్ ఆ డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మాలాంటి షాపులకి అమ్మే సరుకే మానేస్తామని చెప్పేసింది. ఉన్నదాంట్లో పెద్ద వాటా ఏఐ డేటా సెంటర్లకి పోతోంది. అలాంటి డేటా సెంటర్ ఒకటి మా పొరుగుకే వస్తోంది. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో కడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. దానికి చూసిన స్థలాల్లో తర్లువాడ ఒకటి, ఆనందపురం మండలం. మేం విశాఖ వెళ్లే దారి. అక్కడ మీ చిప్పులుంటాయో గూగుల్ సొంత చిప్పులుంటాయో గానీ, వాటి పక్కన పెట్టే మెమరీ మాత్రం ఈ మూడు కంపెనీల బట్టీల్లోంచే రావాలి. ఆ కేంద్రం రావాలనే మేమూ కోరుకుంటున్నాం. మా పిల్లలు హైదరాబాద్ బస్సెక్కకుండా ఉద్యోగాలు దొరుకుతాయంటే ఎవరు కాదంటారు? కాకపోతే ఆ దారిలో లారీల కొద్దీ మెమరీ వెళ్లేచోట, పక్క ఊరి కుర్రాడికి నాలుగు జీబీలు దొరకకపోతే ఎలా?

2021 జనవరితో ముగిసిన సంవత్సరంలో మీకు గేమ్స్ కార్డుల మీద వచ్చింది 776 కోట్ల డాలర్లు, డేటా సెంటర్ల మీద 670 కోట్లు. నాలుగేళ్ల తర్వాత, 2025 జనవరికి, డేటా సెంటర్లు 11,520 కోట్లు, గేమ్స్ 1,135 కోట్లు. ఇప్పుడు మేం మీ లెక్కల్లో పదో వంతు కూడా కాదు. కానీ 2012లో టొరంటో విద్యార్థి అలెక్స్ క్రిజెవ్‌స్కీ బొమ్మల్ని గుర్తుపట్టే నెట్‌వర్క్‌ని తయారుచేసింది దేనిమీద? రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. అవి గేమ్స్ ఆడుకునే కార్డులు. రెండెందుకు? ఒక్కోదానిలో 3 జీబీ మెమరీయే ఉంది, నెట్‌వర్క్ ఒక్కదానిలో పట్టలేదు, చీల్చి రెండింటి మీదా పరిచారు. ఇవాళ్టి మీ ఏఐ వ్యాపారమంతా ఆ పని తర్వాత పెరిగిందే. ఆ రోజు కూడా అడ్డుపడింది మెమరీయే. చేతిలో ఉన్న గేమ్ కార్డుతో ఒక విద్యార్థి ఏం చేస్తాడో కార్డు చేసినవాళ్లకి ముందే తెలియదని మీకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇంకా రాయొచ్చు. కరెంటు సంగతి ఉంది. 145 వాట్ల దగ్గరే ఉంచండి, పెంచకండి. తిత్లీ తుపాను తర్వాత కరెంటు తిరిగొచ్చిన రోజుల్లో లో ఓల్టేజీకీ హై ఓల్టేజీకీ కాలిపోయిన ఎస్‌ఎంపీఎస్‌లు ఉద్దానం నుంచి సంచుల్లో తెచ్చారు నా దగ్గరికి. మా ఇళ్లలో యూపీఎస్ చిన్నది, దాని మీద బరువు పెంచితే కరెంటు పోగానే అదీ పోతుంది. కానీ అన్నీ అడిగితే ఏదీ వినరని భయం. నాలుగు జీబీల దగ్గరే ఆపుతాను. దానికి ఇరవై డాలర్లు ఎక్కువ అడిగినా ఇస్తాం. మాకు అది రెండు వేలు. ఆ తండ్రిని అడిగాను, అయిదేళ్లు ఎక్కువ నడుస్తాదంటే ఇస్తానన్నాడు.

ఆయన పండగ తర్వాత హైదరాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లే ముందు అయిదు వేలు అడ్వాన్స్ నా బల్ల మీద పెట్టాడు. వద్దన్నా వినలేదు, చేతిలో ఉంటే ఖర్చయిపోతాది బాబూ, నీ దగ్గరే ఉంచు అన్నాడు. డైరీలో రాసుకున్నాను. కుర్రాడి క్యాబినెట్ పై అరలో ఉంది. పాత 1050 టీఐ తీసి వాడి స్నేహితుడి కంప్యూటర్‌లో పెట్టాం, ఈలోగా ఇద్దరూ దాని మీదే పనిచేసుకుంటున్నారు. ఖాళీ స్లాటులో ధూళి పడకుండా కాగితం టేపు అంటించి, దాని మీద తేదీ రాశాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ షాపు మనిషి,
గంటస్తంభం దగ్గర, విజయనగరం.